గుడ్ల బండి, గుండె బండి

మా రోజుల్లో అంబులెన్సు తోలేవాణ్ణి డ్రైవరు అనేవారు. ఇప్పుడు పైలట్ అంటున్నారు. నా మేనకోడలు 108 అంబులెన్సులో రోగిని చూసుకునే ఈఎంటీగా చేస్తోంది. ఆమె బండి తోలే కుర్రాడు మొన్న మా ఇంటికి టీకి వచ్చాడు. "ఏం బాబూ, ఎన్ని వేల అడుగుల ఎత్తున ఎగురుతున్నావు?" అని అడిగాను. కుర్రాడు సిగ్గుపడి నవ్వాడు. మా అమ్మాయికే చురుక్కుమంది. "మావయ్యా, ముప్పై రెండేళ్ళు ముందు సీట్లోనే కూర్చున్నావు. ఒక్కరోజు వెనక కూర్చునుంటే ఈ మాట అనవు" అంది.

డ్రైవరు వెనకెందుకు కూర్చుంటాడే అని అప్పటికి నోరు మూయించాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అంబులెన్సు ఎక్కకముందు నేను నాలుగేళ్ళు కోడిగుడ్ల బండి తోలాను. తణుకు వైపు ఫారాల నుంచి గుడ్లు ఎత్తుకుని ఊళ్ళో కొట్లకి చేర్చాలి. అట్టకి ముప్పై గుడ్లు. అట్ట మీద అట్ట, కప్పు దాకా పేర్చేవాళ్ళం. పగిలిన ప్రతి గుడ్డుకీ నా జీతంలో కోత. ఆ కోతే నాకు డ్రైవింగు నేర్పింది. ముందు గేదె కనపడిందంటే దాన్ని సమీపించేలోగానే బండి దానంతటది నెమ్మదించాలి, బ్రేకు దాకా పనే పోకూడదు. గతుకు వస్తే ముందు చక్రాలు, తరవాత వెనక చక్రాలు ముసలమ్మ మెట్లు దిగినట్టు దిగాలి. మలుపులో తిప్పే స్టీరింగు కంటే, మలుపు రాకముందు వదిలిన ఏక్సిలరేటరే గుడ్లను కాస్తుంది. నా బండిలో పోయినవి రోజుకి అట్టలో సగం కూడా ఉండేవి కావు. ఓనరు మిగతా డ్రైవర్లకి నన్ను చూపించి తిట్టేవాడు.

1980లో సర్కారు ఉద్యోగం వచ్చింది. ఆస్పత్రి అంబులెన్సు డ్రైవరు. చేరిన మొదటి వారంలోనే గుడ్ల చదువంతా గోదాట్లో కలిపేశాను. పేషెంటు పగిలితే జీతంలో కోత లేదు మరి.

మా బండి మెటడోరు వ్యాను. తెల్ల రంగు, పక్కన ఎర్ర ప్లస్సు గుర్తు. లోపల రెండు కర్రలకి కాన్వాసు గుడ్డ బిగించిన స్ట్రెచరు, ఎదురుగా ఒక బల్ల. ఆక్సిజన్ సిలిండరు ఉండేది. నల్ల ఒళ్ళు, తెల్ల మెడ. దాని తాళం మాత్రం ఎప్పుడూ ఇంకో సిలిండరు దగ్గర ఉండేది. సిలిండర్ని కట్టడానికి కొక్కెం లేదు. పేషెంటు తాలూకు ఎవరో ఒకరు కాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చునేవారు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఎదురుగా లారీ వచ్చి నేను గట్టిగా బ్రేకు కొట్టి ఉంటే అది కాళ్ళ మధ్యనుంచి లేచి నా వీపులో దిగేది. వార్డుబోయ్ వెనక ఉండాల్సినవాడు, ముందొచ్చి నా పక్కన కూర్చునేవాడు. వెనక వాంతుల వాసన, ముందు బీడీ. అదే బండి మర్నాడు కుటుంబ నియంత్రణ క్యాంపుకి జనాన్ని తేవాలి, ఆ మర్నాడు దుప్పట్లు చాకలికి వేసి రావాలి.

బండిలో వైద్యం అంటే నా కుడికాలే. "కొట్టండి డ్రైవరుగారూ, కొట్టండి" అని వెనకనుంచి ఏడుస్తూ అరిచేవారు. కొట్టేవాణ్ణి. రాజమండ్రి నుంచి కాకినాడకి అరవై చిల్లర కిలోమీటర్లు, గంట లోపు చేర్చానని టీ కొట్టు దగ్గర చెప్పుకునేవాణ్ణి. చేర్చినవాళ్ళలో ఎందరు బతికారని ఎవరూ అడగలేదు, నేనూ లెక్కపెట్టుకోలేదు. గుడ్ల లెక్క మాత్రం నాలుగేళ్ళూ రాసిపెట్టుకున్నాను.

దారిలో గుండె ఆగితే ఏం చేసేవారని మా అమ్మాయి అడిగింది. ఏం చేస్తాం? అరికాళ్ళు రుద్దేవారు. మొహాన నీళ్ళు కొట్టేవారు. పెద్దవాళ్ళెవరైనా ఉంటే తులసి తీర్థం నోట్లో పోసేవారు. నేను ఇంకో పది కిలోమీటర్ల వేగం పెంచేవాణ్ణి. ఛాతీ నొక్కాలన్న సంగతి ఆ బండిలో ఎవరికీ తెలియదు. ఆస్పత్రి లోపల డాక్టర్లకి తెలుసు, గేటు దాటి అది మా బండిలోకి ఎక్కలేదు.

"ఎప్పటిదో తెలుసా అది?" అంది అమ్మాయి. అమెరికాలో బాల్టిమోరు అనే ఊళ్ళో, జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో 1960లోనే ముగ్గురు కలిసి రాసిపెట్టారట. అందులో పెద్దాయన కౌవెన్‌హోవెన్ అసలు డాక్టరే కాదు, కరెంటు ఇంజనీరు. కుక్కల గుండెకి షాకు పెట్టే ప్రయోగాలు చేస్తుంటే, ఆయన దగ్గర పనిచేసే నికర్‌బాకర్ అనే కుర్రాడు ఒకటి కనిపెట్టాడు. షాకు ఇవ్వకముందే, షాకిచ్చే బరువైన పలకలు ఛాతీ మీద గట్టిగా ఆనిస్తే చాలు, రక్తపోటు కొంచెం లేస్తోంది. జూడ్ అనే సర్జను దాన్ని మనుషుల మీదికి తెచ్చాడు. ఛాతీ కోసి గుండెని పిసకనక్కర్లేదు, పైనుంచి రెండు చేతులూ చాలు అని తేల్చారు. 1966లో బెల్‌ఫాస్టులో పాంట్రిడ్జ్ అనే డాక్టరు కారు బ్యాటరీలతో నడిచే షాకు మిషన్ని అంబులెన్సులోకే ఎక్కించాడు. డెబ్బై కిలోల బరువు. సుమారు బియ్యం బస్తా అంత. నేను మెటడోరు ఎక్కేసరికి ఈ రెండూ పాతబడిపోయిన సంగతులు. ఇరవై ఏళ్ళ పాత కబురు నాకు చేరడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలయ్యాక గానీ, బండిలో చదువుకున్న మనిషి ఒకరు వెనక కూర్చోవడం నేను చూడలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1987, వానాకాలం. కొబ్బరికాయల వ్యాపారి, యాభై ఏళ్ళుంటాయి, ఛాతీ పట్టుకుని పడిపోయాడు. ఎక్కించేటప్పుడు మాట్లాడుతున్నాడు. అరగంట తోలాక రైలు గేటు పడింది. వెనకనుంచి అతని భార్య "ఏవండీ, ఏవండీ" అని పిలుస్తోంది. తరవాత నన్ను పిలిచింది. నేను దిగి గేటుమాన్ని బతిమాలాను, తిట్టాను. గూడ్సు వస్తోంది, అతనేం చేస్తాడు? పన్నెండు నిమిషాలు. బండి కదల్లేదు. కుదుపు లేదు, మలుపు లేదు, బ్రేకు లేదు. బల్లపరుపు రోడ్డు మీద ఆగిన బండి. నా పక్కన వార్డుబోయ్, కాకినాడ రేవులో బస్తాలు మోసి వచ్చినవాడు. ఒక్కో చెయ్యి తాటిదుంగలా ఉండేది. ఆ చేతులతో అగ్గిపుల్ల గీసి బీడీ ముట్టించుకున్నాడు. వాడి తప్పేం లేదు. గేటు ఎత్తాక నేను ఎనభైలో కొట్టాను.

గుండె ఆగాక నొక్కకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గిపోతుందట. మా అమ్మాయి ఈ లెక్క మామూలుగానే చెప్పింది, నేను గేటు సంగతి ఆమెకి చెప్పలేదు కాబట్టి. పన్నెండుని ఏడుతో హెచ్చవేసుకుని ఊరుకున్నాను.

సరే, ఇప్పటి సంగతికొద్దాం. ఇప్పుడు అందరికీ సీపీఆర్, అదే ఛాతీ నొక్కడం, తెలుసు. సినిమాల వల్ల. హీరో మోచేతులు మడిచి, అంబులెన్సు గాల్లో తేలుతుండగా, వెనక రౌడీల సుమోలు తరుముతుండగా, నాలుగు నొక్కులు నొక్కుతాడు. పేషెంటు దగ్గి, కళ్ళు తెరిచి, హీరో చెల్లెలి పెళ్ళి గురించి మాట్లాడతాడు. నాలుగు నొక్కులకి లేచాడంటే వాడి గుండె అసలు ఆగలేదని అర్థం. ఆ సినిమాలు చూసినవాళ్ళే రేపు మా అమ్మాయి బండి చుట్టూ మూగి, "ఇక్కడెందుకు నొక్కుతున్నారు, బండెక్కించి నొక్కండి" అంటారు.

అందుకే ఆమె నన్ను ఒక శిక్షణ క్లాసుకి లాక్కెళ్ళింది. ముసలాడి నోరు మూయించాలని. నేల మీద ఒక బొమ్మ. సగం మనిషి. పక్కన లైట్లు. నిమిషానికి నూరుకి తక్కువ కాకుండా, నూట ఇరవై దాటకుండా నొక్కాలి. లోతు కనీసం అయిదు సెంటీమీటర్లు, ఆరు దాటకూడదు. ముప్పై నొక్కులకి రెండు ఊపిర్లు. అట్టకి ముప్పై గుడ్లు, ఊపిరి ఊదే అంబూ బ్యాగు పిసుకుళ్ళు రెండు అని నేను గుర్తుపెట్టుకున్నాను. 2005 దాకా ఈ లెక్క పదిహేనుకి రెండట. ఊపిరి కోసం మాటిమాటికీ ఆపితే రక్తం మళ్ళీ చతికిలపడుతోందని ముప్పై చేశారు. చేతిపంపు లాగే. కొన్ని కొట్లు కొడితే గానీ నీళ్ళు పైకి రావు, ఆపితే దిగిపోతాయి, మళ్ళీ మొదటినుంచి కొట్టాలి. అందుకే ఎందుకోసం ఆపినా పది సెకన్లు మించకూడదు.

నొక్కాను. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. "లోతు బాగుంది మావయ్యా. వదలడమే బాగాలేదు. ప్రతిసారీ బరువు కొంచెం ఛాతీ మీదే ఉంచేస్తున్నావు" అంది. ఛాతీ పూర్తిగా పైకి లేస్తేనే గుండెలోకి మళ్ళీ రక్తం దిగుతుందట. నాకు వెంటనే అర్థమైంది. క్లచ్ మీద కాలు ఆనించి తోలేవాళ్ళుంటారు చూడండి, బండి పోతూనే ఉంటుంది, లోపల ప్లేటు కాలిపోతూ ఉంటుంది. అదే రోగం. క్లచ్ వదిలినట్టు వదిలాను. పచ్చలైటు వచ్చింది. రెండు నిమిషాలయ్యేసరికి నా నడుము నాది కాదు. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలని రూలు పెట్టింది అందుకేనట. అలిసినవాడికి తను అలిసినట్టు తెలియకముందే లోతు తగ్గిపోతుంది.

ఆ తరవాత అసలు శిక్ష. శిక్షణకని పక్కన పెట్టిన ఒక పాత అంబులెన్సులోకి బొమ్మని ఎక్కించారు. వెనక నేను, మా అమ్మాయి. తోలేది ఆ పైలట్ కుర్రాడు. ఖాళీ మైదానంలో ముప్పై కిలోమీటర్ల వేగం. ముప్పై అంటే ఎంత? మేము దాన్ని వేగం అనేవాళ్ళం కూడా కాదు. నడక.

ముందు సీట్లో ముప్పై నడకే. వెనక అలా లేదు. నేను పక్కకి తిరిగి నిలబడ్డాను, మొహం గోడకి, బండి నా భుజం వైపు పోతోంది. కుర్రాడు కాస్త బ్రేకు తాకించాడు, నేను డ్రైవరు క్యాబిన్ వైపు రెండడుగులు పోయాను. కుడికి తిప్పాడు, బొమ్మ మీద బోర్లా పడబోయాను. నా ఎడమచెయ్యి నన్నడగకుండానే బొమ్మని వదిలి పైనున్న కడ్డీ పట్టేసుకుంది. మిగిలిన ఒక్క చేత్తో నొక్కుతున్నాను. లోతు లైటు ఎప్పుడో ఆరిపోయింది. "అదీ" అంది మా అమ్మాయి. "రోజూ నా చెయ్యి కూడా అదే కడ్డీ వైపు పోతుంది. దాన్ని తప్పనడానికి లేదు, అది నా ప్రాణం కోసం పోతుంది." నలభైలో పోయే బండి సెకనుకి పదకొండు మీటర్లు పోతుంది. బండిని ఆపడానికి బ్రేకు ఉంది. వెనక నిలబడ్డ మనిషిని ఆపడానికి అలమరా తలుపో, సిలిండరో, కిటికీ అద్దమో ఉంటాయి.

ఈసారి కుర్రాడు ఇంకోలా తోలాడు. తిప్పేముందు "ఎడమకి" అని అరిచాడు. రెండు సెకన్ల తరవాత గానీ తిప్పలేదు. "గతుకు" అన్నాడు, దొర్లించాడు. "బ్రేకు" అన్నాడు, నేను మోకాళ్ళు స్ట్రెచరుకి తన్నిపెట్టుకునే టైమిచ్చి ఆపాడు. నా రెండు చేతులూ బొమ్మ మీదే ఉన్నాయి. పచ్చలైటు సగంలో సగమైనా వెలుగుతోంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వాడు తోలింది గుడ్ల బండి! వాడికి ఎవరు నేర్పారో గానీ, నేను 1980లో గోదాట్లో కలిపేసిన చదువు అది.

వేగం తగ్గిస్తే ఆలస్యం కాదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. ఊళ్ళో సైరను వేసుకుని ఎగిరిపోతే మిగిలేది ఎక్కువసార్లు రెండు మూడు నిమిషాలే. ఆ నిమిషాల కోసం వెనక నొక్కుడు సగానికి సగం చెడగొట్టుకుంటే చేరేది ఎవరిని? అసలు ఇంకో దెబ్బ ఉంది. 2020లో అమెరికా, కెనడా అంబులెన్సుల లెక్కలు తీశారు. గుండె ఆగినవాళ్ళలో, పడిపోయిన చోటే ఉంచి నొక్కినవాళ్ళలో నూటికి ఎనిమిదిన్నర మంది ఆస్పత్రి నుంచి ఇంటికెళ్ళారు. నొక్కుతూనే బండెక్కించి పరిగెత్తించినవాళ్ళలో నలుగురు. ఇద్దరి జబ్బులూ, వయసులూ, పరిస్థితులూ సరిచూసి జత కలిపాకే ఈ తేడా. నా ముప్పై రెండేళ్ళ సర్వీసు గంట లోపు కాకినాడ చేర్చడం మీద నిలబడింది. ఆ లెక్క విన్న రాత్రి అన్నం సయించలేదు.

మన దగ్గర ఇంకో చిక్కు. మా అమ్మాయి బండిలో ఉండేది ఇద్దరే. ఆమె, పైలట్. పడిపోయిన చోట అయితే ఇద్దరూ నొక్కుతారు, రెండు నిమిషాలకి చేతులు మారతాయి. బండి కదిలిందంటే ఒకడు స్టీరింగు దగ్గరికి పోతాడు. వెనక ఆమె ఒక్కతే. నొక్కాలి, అంబూ పిసకాలి, మిషను చూడాలి, పేషెంటు భార్యని ఓదార్చాలి, పడిపోకుండా నిలబడాలి. కాబట్టి ముందు అక్కడే నొక్కి, షాకు పనికొచ్చే గుండె అయితే అక్కడే షాకిచ్చి, గుండె మళ్ళీ అందుకున్నాక కదలాలని ఆమె ప్రయత్నం. కానీ ఆ నడిరోడ్డు మీద, ఆ ఇంటి వాకిట్లో ఎవరు ఆగనిస్తారు? "ఆస్పత్రికి తీసుకుపోకుండా ఇక్కడ ఆటలాడుతున్నారా" అని కాలరు పట్టుకుంటారు. పోయాడని చెప్పాల్సింది డాక్టరు. నాడి లేని మనిషిని ఎక్కించుకోక తప్పదు, తోవలో నొక్కక తప్పదు. దారిలో ఆగిపోయే గుండె కూడా ఒకటి ఉంటుంది కదా, మా కొబ్బరికాయల వ్యాపారిలా.

అప్పుడు ఆమె చేసే పనులు కొన్ని చూశాను, మా రోజుల్లో ఒక్కటీ లేదు. బండి కదలకముందే పేషెంటుని భుజాల మీదుగా, నడుం మీదుగా, కాళ్ళ మీదుగా బెల్టులతో బిగిస్తుంది. వీపు కింద గట్టి పలక జారుస్తుంది. మెత్తటి పరుపు మీద నొక్కితే దిగేది పరుపు, ఛాతీ కాదు. మా కాన్వాసు స్ట్రెచరు మీద బస్తాలవాడు నొక్కినా పేషెంటు ఉయ్యాల ఊగేవాడేమో! సిలిండరు కొక్కేనికి, మిషను దాని గూట్లో. చేతికందే దూరంలో ఏముండాలో ముందే తీసి పెట్టుకుంటుంది, నడిచే బండిలో లేచి అలమరా వెతకడం అంటే పడడమే. తను ఊరికే కూర్చున్నంతసేపూ బెల్టు పెట్టుకుంటుంది. ఇక అన్నిటికన్నా నాకు మింగుడు పడనిది: షాకు మిషను గుండె చదువుతున్నప్పుడు బండి ఆపెయ్యాలి. కుదుపుని అది గుండె కొట్టుకోవడం అనుకునే ప్రమాదం ఉందట. సైరను మోగుతున్న అంబులెన్సుని రోడ్డు పక్కకి తీసి ఆపడం! నా బతుకులో నేను చెయ్యని పని, ఎవడైనా చేస్తే తిట్టే పని. ఆపి, ఆక్సిజన్ మాస్కు తీసి మీటరు దూరం పెట్టి, ఎవరూ తాకకుండా చూసి, షాకు కొట్టి, వెంటనే మళ్ళీ నొక్కడం మొదలుపెట్టి, అప్పుడు కదలాలి.

చేతుల బదులు నొక్కే మిషను కూడా వచ్చింది. స్వీడనులో లుండ్ అనే ఊళ్ళో పుట్టింది, లూకాస్ అంటారు. వీపు కిందనుంచి ఛాతీ మీదికి కమానులా బిగించి మధ్యలో పిస్టను. అలిసిపోదు, కడ్డీ పట్టుకోదు, బీడీ తాగదు. మరి అందరి బండికీ పెట్టరేం అంటే, 2014లో, 2015లో పెద్ద పరీక్షలు పెట్టి చూస్తే మంచి చేతుల కంటే అది ఎక్కువమందినేం బతికించలేదని తేలింది. పైగా ధర. దాన్ని బిగించే హడావిడిలో నొక్కుడు ఆగిపోతే ఉన్నదీ పోతుంది. కానీ నడిచే బండి వెనక మాత్రం అదే మేలని పెద్దవాళ్ళు కూడా ఒప్పుకుంటారు. చేతికి సీటుబెల్టు పెట్టలేం కదా. మారేడుమిల్లి ఘాటు రోడ్డు దిగుతూ నొక్కిన మా అమ్మాయిని అడగండి, ఆ మిషను కోసం ఆమె నగలు అమ్మేలా ఉంది.

ఇంత చెప్పానని ఈ రోజుల్ని మెచ్చుకున్నాననుకునేరు. మా రోజుల్లో రోడ్డు మీద గతుకులుండేవి, అవి వానకి పడేవి. ఇప్పుడు గతుకులు మనుషులు కడుతున్నారు. ప్రతి వీధివాడూ తన వాకిట్లో ఒక స్పీడుబ్రేకరు, దానికి రంగూ ఉండదు, బోర్డూ ఉండదు, ఒంటె మూపురం. మా రోజుల్లో హారను వింటే ఎడ్లబండివాడు ఎడ్లని పట్టుకుని కాలవగట్టు దింపేవాడు. ఇప్పుడు అంబులెన్సుకి దారి వదలకపోతే 2019 సవరణ చట్టంలో 194ఈ కింద పదివేలు జరిమానా అని రాశారు. జరిమానా భయం మాటేమో గానీ, అంబులెన్సు వెనకే తోకలా అంటుకుని ఖాళీ దారిలో పోయే బైకులవాళ్ళు పెరిగారు. ముందు బండి షాకు కోసం ఆగిందా, వాళ్ళు వెనక తలుపుకి అతుక్కుంటారు. ఇంకొందరు చిన్న వ్యానుకి ఎర్రలైటు తగిలించి అంబులెన్సు అంటారు. అందులో మనిషి నిటారుగా కూర్చోలేడు, నొక్కడం ఎక్కణ్ణించి వస్తుంది? ప్రభుత్వం ఏఐఎస్-125 అని కొలతలు రాసిపెట్టింది, మామూలు పేషెంట్ల బండి ఎలా ఉండాలి, మిషన్లున్న బండి ఎలా ఉండాలి అని. కొలతలు చదివేది ఎవరు. టీ తాగడానికి వెళ్తూ సైరను వేసేవాళ్ళని కూడా నేను చూశాను. వాళ్ళ వల్లే నిజమైన సైరనుకి కూడా జనం తల తిప్పడం మానేశారు.

కిందటి నెలలో ఒక సాయంత్రం, మా వీధి మలుపులో టిఫిన్ సెంటరు దగ్గర సైరను ఆగిపోయింది. దూరంగా పోయి తగ్గడం వేరు, ఇది అక్కడే నిలిచిపోయింది. బయటికొచ్చి చూస్తే అంబులెన్సు ఎడమకి తీసి ఆపి ఉంది. అప్పుడే నలభైమంది చేరారు. "ఎందుకాపాడ్రా? పోనివ్వు!" అని ఒకడు బండి పక్క రేకు మీద దడదడ కొడుతున్నాడు. ఇంకొకడు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. ఒక బైకువాడు వెనక తలుపుకి ముందు చక్రం ఆనించి హారను కొడుతున్నాడు.

లుంగీ పైకి కట్టుకుని, చేతికర్రతో వెళ్ళాను. రేకు కొట్టేవాడి చెయ్యి మీద ఒక్కటిచ్చాను. "మిషను చదువుతోంది. నీ దెబ్బలు కూడా కలిపి చదవాలా?" అన్నాను. బైకుని వెనక్కి నెట్టించాను. అద్దంలోంచి ఎవరో పిల్ల రెండు చేతులూ పైకెత్తి నిలబడటం కనపడింది, ఎవరూ తాకొద్దన్నట్టు. తరవాత భుజాలు కదలడం మొదలైంది. ముందు తలుపు తెరుచుకుని డ్రైవరు, సరే పైలటే, దిగి వెనక ఎక్కాడు. ఆమె పక్కకి జరిగింది, వాడు నొక్కాడు. రెండు నిమిషాలు. జనం నన్ను తిట్టుకుంటూ నిలబడ్డారు. వాడు దిగి ముందుకొచ్చాడు, చెమటలు కారుతున్నాయి, నా మొహం కూడా చూడలేదు.

బండి కదిలింది. సైరను మళ్ళీ మొదలైంది. స్పీడుబ్రేకరు దగ్గర చక్రాలు ఒకదాని తరవాత ఒకటి దిగాయి.

"బతికాడా బాబాయ్?" అని టిఫిన్ సెంటరు కుర్రాడు అడిగాడు.

"నాకేం తెలుసురా. క్లచ్ మాత్రం బాగా వదిలాడు" అన్నాను.